ముసలి బోటు సప్పుడు

మా మామ ఇస్రాయేలుకు ఈ లోకంలో నమ్మదగ్గ మనిషి ఒక్కడూ కనపడలేదు. పాలవాడు నీళ్లు కలుపుతాడని అనుమానం, సిలిండరులో గ్యాస్ తక్కువ వచ్చిందని అనుమానం, కరెంటు మీటరు చూడవచ్చిన పిల్లవాడు రీడింగు ఎక్కువ రాసుకుపోతాడని అనుమానం. సిలిండరు దింపినవాణ్ని వాకిట్లోనే నిలబెట్టి, సొంత కాంటా తెచ్చి తూస్తేగాని ఇంట్లోకి రానివ్వడు. నేను పెళ్లై పానగల్ వచ్చిన కొత్తలో బిస్కెట్ల డబ్బా మూతకు దారం కట్టిపెట్టేవాడు, ఎవరు తీశారో కనిపెట్టడానికట! ఆ దారం చూసిన రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. నేనేమైనా తక్కువదాన్నా? బిస్కెట్లన్నీ తినేసి, దారాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ కట్టిపెట్టాను. చాలా రోజులు ఇల్లంతా ఎలుక కన్నాల కోసం వెతికాడు.

అటువంటి మనిషి ప్రాణంగా నమ్మింది ఒక బోటును. వయసులో ఉన్నప్పుడు ఆయన నేవీలో చేరి, విశాఖపట్నంలో ఒక గస్తీ బోటు ఇంజన్ గదిలో పనిచేశాడు. సోవియట్ రష్యా వాళ్లు కట్టి మనకు అమ్మిన బోటు అది. నేవీ విడిచాక నల్లగొండలో ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు గానీ, మనసు మాత్రం ఆ ఇంజన్ గదిలోనే ఉండిపోయింది. అన్నం తింటూ కూడా దాని కబుర్లే.

"మనిషి సప్పుడు లేకుంట మోసం జేస్తడు. ఇంజన్ అట్ల గాదు. ఏం జేసినా సప్పుడు జేసి మరీ చేస్తది" అనేవాడు.

ఆ కబుర్లు వింటూ పెరిగినవాడు మా ఆయన జానీ. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో జనరేటర్ల మెకానిక్కు. పొద్దున కంపెనీ బస్సెక్కితే మళ్లీ చీకటిపడే వేళకే ఇల్లు. ఆ ఫ్యాక్టరీ గాలికి దగ్గు పట్టుకుంది, కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఎప్పుడు పొమ్మంటారో తెలియదు. సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మా ఉదయసముద్రం చెరువులో ఈతకొట్టి, తడిబట్టలతో గట్టు మీద కూర్చుని, నీళ్లవంక అదో రకంగా చూస్తుండేవాడు. అప్పుడు నాకు జాలేసేది.

విజేందర్ మా ఇంటికి వచ్చింది ఒక ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే. చౌటుప్పల్ హైవే పక్కన ప్లాట్లు అమ్మేవాడు. ఆ గిరాకీ తగ్గాక విదేశాలకు మనుషుల్ని పంపే పని పట్టుకున్నాడు. ఫ్యాక్టరీ ముందర టీకొట్టు దగ్గర జానీ మాటల మధ్య వాళ్ల నాయన బోటు సంగతి చెప్పాడట. అది పట్టుకుని వచ్చాడు. గల్ఫ్ దాటాక ఇంకో దేశంలో ఓడలు రిపేరు చేసే యార్డు ఉందని, వాళ్లు పాతకాలం రష్యా గస్తీ బోట్లు కొని బాగుచేస్తున్నారని, ఆ ఇంజన్ల గుణం తెలిసిన మెకానిక్కు దొరక్క తిప్పలు పడుతున్నారని చెప్పాడు.

మామ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇక మొదలైందని నేను వంటింట్లోకి పోయాను. అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"వైజాగ్‌ల మనుషులు లేరా? నల్లగొండ దాంక ఎందుకొచ్చినవ్?"

"ఆ ఇంజన్ మీద పనిజేసినోళ్లంత ముసలోళ్లయిన్రు కాకా. నీ అసొంటి ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న పొల్లగాడు యాడ దొరుకుతడు?"

"గంత పాత బోట్లు వాళ్లకెందుకు?"

"చేపలు దొంగతనంగ పట్టుకపోతుంటరంట. కావలి గాయనీకె."

"ఏ దేశపోళ్లు?"

"కంపెనీ పేరు చెప్తగని, దేశం గిట్ల నాకేం ఎరుక కాకా? టికెట్ వాళ్లే పంపుతరు. మొదలు విజిట్ వీసా, ఆడికి పోయినంక పక్కాది ఇస్తరు."

మామ నవ్వాడు. ఆయన అలా నవ్వితే ఎదుటివాడి పని అయిపోయినట్టే. నాకు మాత్రం ఒళ్లు మండింది. సిలిండరు తెచ్చినవాణ్ని తూచినట్టు, గుమ్మంలోకి వచ్చిన అవకాశాన్ని కూడా తూచి వెళ్లగొడుతున్నాడు. చాయ్ గ్లాసులు తెచ్చి విజేందర్ ముందు కాస్త గట్టిగానే పెట్టాను.

"మామా, ఒక్కదాన్నన్న ఒంక పెట్టకుంట ఒప్పుకుంటవా? ఆయన దగ్గు నీకు ఇనబడ్తలేదా?" అన్నాను.

మామ నాకేసి చూడలేదు. "బోటును చూపియ్యమను. ఇంజన్ చాలూ చేసి నాకు ఇనిపియ్యమను. అప్పుడు చెప్త" అన్నాడు.

విజేందర్ తప్పించుకుంటాడనే అనుకున్నాం. ఆ వారంలోనే వీడియో కాల్ పెట్టించాడు. మామ చెయ్యి వణుకుతుందని ఫోను నేనే పట్టుకున్నాను. అవతల ఒక ఫోర్‌మన్, హిందీ మాట్లాడే మనిషి. ముందు రేవు చూపించాడు, తరువాత పక్కపక్కన కట్టేసి ఉన్న రెండు బూడిదరంగు బోట్లు. ఒకదాని మీదికి ఎక్కి, ముందునుంచి వెనక్కు నడిచి, నిచ్చెన దిగి ఇంజన్ గదిలోకి పోయాడు. మామ హిందీలో ఒక్కో భాగం పేరు చెప్పి చూపించమన్నాడు. ఆ ఫోర్‌మన్ విసుక్కోకుండా లైటు వేసి మరీ చూపించాడు.

అప్పుడు ఇంజన్ చాలూ చేశారు.

నా చేతిలో ఫోను అదిరింది. మొదట దగ్గినట్టు ఆగి ఆగి, ఆ తరువాత ఒకే మోత. మామ తల పక్కకు వంచి చెవి ఫోనుకు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ముడతల మీదుగా నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. మా అత్తమ్మను మట్టిచేసిన రోజున కూడా ఆ మనిషి ఏడవలేదు.

"గదే. గదే సప్పుడు. మంచిగున్నది. ఇన్నేండ్లు ఎవ్వరు పట్టించుకోకపోయినా మంచిగున్నది" అన్నాడు. ఫోర్‌మన్ ఆయన్ను ఉస్తాద్ అని పిలిచి సలాము పెట్టాడు. మామ లేచి నిలబడి, ఫోనుకు సెల్యూట్ కొట్టాడు.

కాల్ అయ్యాక జానీ భుజం మీద చెయ్యి వేసి, "పో బిడ్డా. పోయి చెయ్యి. గా బోటును నమ్మొచ్చు" అన్నాడు.

జానీ మొహం వెలిగిపోయింది. విజేందర్ అప్పుడే ప్రయాణం తేదీ మాట్లాడటం మొదలుపెట్టాడు. సంతోషించాల్సింది నేనే. కాని ఫోను పట్టుకున్నది నేను. మామ ఇంజన్ కోసం ఎదురుచూస్తున్నంతసేపూ నేను చూసింది బోటు పైభాగం. బోటు నడిపే గది చుట్టూ, పైన కూడా, ఇనుప కడ్డీలు నిలబెట్టి వల బిగించారు. మా దొడ్లో కోడిపిల్లలకు గద్దల బెడద. చేపలవాళ్లు పారేసిన పాత వల తెచ్చి నేనే కట్టెలు పాతి పైన కట్టాను. పైనుంచి వచ్చి పడేది ఏదో లేకపోతే ఎవరూ నెత్తి మీద వల కట్టుకోరు.

"మామా, మీ బోటుకు గిట్ల పైన వల ఉండెనా?" అని అడిగాను.

"లేకుండె."

"మరి దీనికెందుకున్నది?"

"పిట్టలకై ఉంటది. సముద్రం మీద పిట్టలు బాగుంటయ్, అంత రెట్టలేస్తయ్" అన్నాడు.

కరెంటు బిల్లును కొత్త నోటులా వెలుతురుకు పెట్టి చూసే మనిషి, పిట్టల కోసం ఇనుప వల అంటున్నాడు!

మరునాడు మిషను మీద జాకెట్టు కుడుతూ మధ్యమధ్య ఫోనులో వెతికాను. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే, బొమ్మలకు ఇంగ్లీషు అక్కర్లేదు. పాత గస్తీ బోట్లు, యుద్ధం అని కొట్టగానే వరదలా వచ్చాయి. నల్ల సముద్రంలో అటువంటి బోట్ల మీదికి మనిషే లేని చిన్న పడవలు నీళ్ల మీద జారుతూ వస్తున్నాయి. వాటికి ముందర కెమెరా. బోటు దగ్గరవుతుంది, ఇంకా దగ్గరవుతుంది, దాని మీద మనుషులు అటూ ఇటూ పరుగెత్తుతారు, తుపాకులు కాలుస్తారు, తరువాత తెర నల్లబడుతుంది. ఇంకొన్నింట్లో ఆకాశం నుంచి డ్రోన్లు దిగుతున్నాయి. వాటి కోసం కట్టినవే ఆ వలలు. మా మామ కాలంలో శత్రువు కూడా ఇంకో బోటులో ఉండే మనిషే. ఆ శత్రువు కోసం కట్టిన బోట్లివి. ఇప్పుడు అవతల మనిషే లేడు, ఎక్కడో గదిలో కూర్చుని చంపుతున్నాడు. ఇవతల మాత్రం మనుషులు ఉన్నారు.

సాయంత్రం జానీకి చూపించాను. వాడు రెండు చూసి ఫోను పక్కన పెట్టాడు.

"బాపు రోగం నీకు అంటుకున్నది" అన్నాడు.

"అంటుకుంటే అంటుకున్నది. ఒక్కసారి గా వల గురించి అడుగు."

"బాపే నమ్మిండు. ఇగ నీకేం ఫికర్?"

మామకూ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకోను కూడా లేదు. "ఉత్తగ అనుమానపడకు కోమలా. అనుమానం మనిషిని తింటది" అన్నాడు. బిస్కెట్ల డబ్బాకు దారం కట్టిన మనిషి నాకు చెప్పే సుద్దులా ఇవి! చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద కొట్టి లేచిపోయాను.

మా వాళ్లలో ఎవరైనా దూరం పోతుంటే ముందర ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. పాస్టరు వాక్యం చెప్పాక ఎవరికి తోస్తే వాళ్లు లేచి సాక్ష్యం చెప్పొచ్చు. దేవుడు తమ బతుకులో చేసిన మేలు చెప్పుకోవడం అది. సాక్ష్యానికి లేచిన మనిషి తనంతట తాను కూర్చునేదాకా ఎవరూ అడ్డు చెప్పరు, స్తోత్రం అనడమే. మామ జన్మలో సాక్ష్యం చెప్పలేదు. నలుగురిలో గుట్టు విప్పితే ఎవడు ఏం వాడుకుంటాడో అని ఆయన భయం.

ఆ సాయంత్రం వాకిట్లో చాపలు పరిచాం. విజేందర్ కూడా వచ్చి, మర్యాదగా చెప్పులు దూరంగా విప్పి, వెనక కూర్చున్నాడు. పాస్టరు ముగించగానే మామ లేచాడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"దేవునికి స్తోత్రం. నా కొడుకు పోతుండు గనుక చెప్తున్న" అని మొదలుపెట్టాడు. "ఒకపారి తుఫాన్ల చిక్కినం. ఇంజన్ గదిల మోకాళ్ల దాంక నీళ్లు. ఎవడు ఎవనికి కనిపిస్తలేడు. దేవుడు, గా ఇంజన్, ఇద్దరు గలిసి మమ్ముల ఒడ్డుకు దెచ్చిన్రు. ఒక్క మనిషి గూడ పోలె."

"స్తోత్రం" అన్నారు అందరూ.

"గంత చేసిన బోటు ముసల్దయింది. గప్పుడు కొత్త మిసైలు వచ్చింది. దాన్ని కొట్టి చూసుకోనీకె ఒక గురి గావాలె. మా బోటునే గుంజుకపోయి నడి సముద్రంల నిలబెట్టిన్రు. ఇంజన్ గదిలకెళ్లి ఆఖరుకు బయటికొచ్చింది నేనే. ఇంకో ఓడ మీద నిలవడి చూసిన. గా మిసైలు ఎటునుంచి వచ్చిందో కండ్లకు అందలె. చేతిల చాయ్ చల్లారకముందే బోటు లేదు. మేమంత చప్పట్లు గొట్టినం. ఎందుకంటే గప్పుడు దాని మీద ఒక్క మనిషి గూడ..."

అక్కడ ఆగిపోయాడు. వెనక ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. మామ నోరు తెరుచుకునే ఉంది. ఆ కథ నేనెప్పుడూ వినలేదు, జానీ కూడా వినలేదు. అన్నేళ్లు బోటు గొప్పలన్నీ చెప్పి, చివర మాత్రం మింగేశాడు. ఇప్పుడు సొంత నోటితో చెప్పుకుంటూ తానే మొదటిసారి విన్నట్టున్నాడు. ఆయన చూపు నాకోసం వెతికి నా మీద ఆగింది.

"విజేందర్" అన్నాడు. "గా బోటు మీద మనుషులు పోతరా?"

సాక్ష్యం మధ్యలో ఎవరినీ ఏమీ అడగరు. పాస్టరు ఇబ్బందిగా కదిలాడు. విజేందర్ మాత్రం చిరునవ్వుతో చేతులు జోడించాడు. "రిపేరు పనే గద కాకా. జానన్న ఒడ్డు మీదనే ఉంటడు."

"గా వల పిట్టలకు గాదు" అని మామ కూర్చున్నాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పాస్టరు పాట అందుకున్నాడు.

జనం వెళ్లాక మామ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "పోవద్దు బిడ్డా. నేను సప్పుడుకు మోసపోయిన" అన్నాడు.

జానీ చెయ్యి విడిపించుకోలేదు. గొంతు మాత్రం మారింది.

"చిన్నప్పటి సంది ఎవ్వర్ని నమ్మనిచ్చినవ్ బాపూ? దోస్తుల్ని నమ్మనియ్యలె. కోమల బిస్కెట్ తింటదని డబ్బకు దారం కట్టినవ్. నాకు బుద్ధి ఎరిగినంక 'నమ్ము' అని నువ్వు చెప్పింది ఒక్కపారే. గా ఒక్కటన్న నన్ను నమ్మనియ్యి."

నేను అరిచాను, ఏడ్చాను, బ్యాగులో సర్దిన బట్టలు తీసి మంచం మీద పారేశాను. వాడు మళ్లీ ఒక్కొక్కటే మడతపెట్టుకున్నాడు. రెండు రోజుల తరువాత వాణ్ని సాగనంపడానికి మామా నేనూ నల్లగొండ బస్టాండు దాకా పోయాం. "పైలం" అన్నాడు మామ.

పోయిన కొత్తలో ఫోన్లు బాగానే వచ్చాయి. సముద్రం చూపించాడు. పక్క బోటు మెకానిక్కును చూపించాడు. రమాకాంత్ అట, బీహార్‌లో ముంగేర్ నుంచి వచ్చాడు, బక్కగా ఉంటాడు, ఇద్దరూ ఒక్క కంచంలో తింటామని చెప్పాడు. తరువాత తరువాత ఫోర్‌మన్ పక్కనుంటేనే ఫోను, అదీ హిందీలోనే. జానీ వెనక గుడ్డ కప్పిన పొడుగాటి వస్తువేదో బోటు ముందు భాగాన నిలబడి ఉండేది. అదేమిటని అడిగితే వాడు మాట మార్చేవాడు. గుడ్డ కింద తుపాకీ గొట్టం ఆకారం నాకే తెలుస్తుంటే, మామకు తెలియదా? ఆయన అన్నం తగ్గించేశాడు. విజేందర్‌కు ఫోను చేస్తే, అంతా బాగుంది కాకా, అనేవాడు.

ఒక మధ్యాహ్నం వచ్చిన కాల్‌లో జానీ మొహం పాలిపోయి ఉంది. పక్కన ఫోర్‌మన్ హుషారుగా ఉన్నాడు. రిపేరు అయిపోయిందట. రెండు బోట్లూ పది రోజుల్లో సముద్రం మీదికి పోతున్నాయట. ముసలి ఇంజన్లు కాబట్టి మెకానిక్కులు కూడా బోటు మీదనే పోవాలట. పాస్‌పోర్టులు ఆఫీసులో భద్రంగా ఉన్నాయట. ఇంజన్ పొద్దున పూట సతాయిస్తోందని, ఉస్తాద్ సలహా కావాలని ఫోను చేయించాడు.

నా చేతిలోంచి ఫోను జారబోయింది. మామ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు చూసి నేనూ నిలదొక్కుకున్నాను. ఆయన ఫోర్‌మన్‌తో హిందీలో, ఇంజన్ పని కొడుక్కు నేను నా భాషలోనే నేర్పాను, ఆ భాషలో అయితేనే వాడికి సరిగ్గా ఎక్కుతుంది, అన్నాడు. ఫోర్‌మన్ సరేనన్నాడు.

మామ నవ్వు మొహం పెట్టాడు. పిల్లలకు ఎక్కం చెప్పినట్టు చేతులు తిప్పుతూ, నిదానంగా చెప్పాడు.

"నవ్వుకుంట ఇను బిడ్డా. మొకం మార్చకు, తలకాయ ఊపు. ఇంజన్ నూనెల ఉప్పునీళ్లు పొయ్యి. ఒక్కపారే గాదు, దినాం ఇంత. నూనె పాల తీర్గ తెల్లగయితది. లోపల బేరింగులు పట్టేస్తయ్. నూనెను చల్లార్చే కూలర్ ఉంటది సూడు, దాంట్ల ఒక ట్యూబుకు సన్నగ చిల్లు పొడువు. ఉప్పుకు ట్యూబులు తిని, గీ ముసలి ఇంజన్లకు గిదే రోగమొస్తది. ఎవడు ఇప్పి చూసినా తప్పు దాని వయసు మీద పడాలె. నీ మీద పడొద్దు. చంపెయ్యి దాన్ని."

జానీ తల ఊపాడు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి గానీ పెదాలు నవ్వుతూనే ఉన్నాయి.

"ఉస్తాద్ ఏమంటున్నారు?" అని ఫోర్‌మన్ నన్ను హిందీలో అడిగాడు.

"కన్నతల్లిని చూసుకున్నట్టు చూసుకొమ్మంటున్నారు. నూనె విషయంలో జాగ్రత్తగా ఉండమంటున్నారు" అన్నాను. నా గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. వాహ్, అన్నాడు ఫోర్‌మన్.

ఎదుటివాడికి అనుమానం రాకుండా పని చేయడం ఎలాగో మా మామకు కాక ఇంకెవరికి తెలుస్తుంది! జన్మంతా ఆయన ఎదుటివాళ్ల మోసాలే వెతికాడు. కాల్ అయిపోయాక దొడ్లోకి పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఎంతసేపటికీ కడుక్కుంటూనే ఉంటే నేనే పోయి నల్లా కట్టేశాను.

ఆ తరువాత ఫోన్లు ఆగిపోయాయి. విజేందర్ నంబరు పనిచేయలేదు. చౌటుప్పల్ పోతే వాడి గదికి తాళం ఉంది, కిరాయికి బోర్డు వేలాడుతోంది. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మామా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, ఆయన వాకిట్లో, నేను మిషను దగ్గర. ఫోను మోగితే ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం.

ఒక పొద్దున ఆటో వచ్చి ఆగింది. జానీ దిగాడు. చిక్కిపోయి, మొహమంతా గడ్డంతో, చేతిలో ప్లాస్టిక్ సంచి ఒక్కటే. నేను వాకిట్లోనే మీద పడి కొట్టాను, ఏడ్చాను. ఇంజన్ రేవు దాటకముందే పట్టేసిందట. విప్పి చూసిన పెద్ద మెకానిక్కు, ముసలిది చచ్చింది అని ఉమ్మేశాడట. బోటే లేనప్పుడు మెకానిక్కు ఎందుకని, వీసా గడువు కూడా అయిపోతుండటంతో, ఫోర్‌మన్ తిట్టి పాస్‌పోర్టు మొహాన కొట్టాడట. ఎవరికీ అనుమానం రాలేదు.

మామ వాడి తల నిమిరాడు. "ఆఖరుకు ఎట్ల సప్పుడు చేసింది?" అని అడిగాడు. అడిగి, జవాబు వినకుండానే బయటికి పోయాడు.

జానీ వచ్చాడు గానీ సరిగ్గా రాలేదు. ఎప్పుడూ ఫోనులోనే తల. ఆ వారం చివర, మధ్యాహ్నం అన్నాలు తింటుండగా వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఫోనులో ఒక వీడియో. నేను మునుపు చూసినటువంటిదే. మనిషి లేని పడవ కెమెరా, ఎగిరిపడే నీళ్లు, దగ్గరవుతున్న బూడిదరంగు బోటు, దాని పైన వల. వల కడ్డీకి ఎవరిదో గళ్ల తువ్వాలు ఆరేసి ఉంది. తెర నల్లబడింది.

"రమాకాంత్ తువ్వాల" అన్నాడు జానీ. "మాది ఆగిపోయింది. వాళ్లది పోయింది."

నేను చెయ్యి చాపి ఆ వీడియో మూసేశాను.

"వానికి గూడ పోవుడు ఇష్టం లేకుండె. ఏడుస్తుండె. నూనెల నీళ్లు పోసుడు వానికి ఒక్క మాట చెప్తే అయిపోతుండె" అన్నాడు.

"మరెందుకు చెప్పలేదు?" అన్నాను.

"పోయి ఫోర్‌మన్‌కు చెప్తడేమో అని అనుమానమొచ్చింది." వాడు నా వైపు చూడలేదు, వాళ్ల నాయన వైపు చూశాడు. "దినాం నా కంచంల తిన్నోడే బాపూ. అయినా నమ్మబుద్ధి గాలె."

మామ కడుపులో ఎవరో పొడిచినట్టు ముందుకు వంగాడు. నేను ఆ ఇద్దరినీ దులిపెయ్యాలని నోరు తెరిచాను. అక్కడ నేనే ఉంటే ముంగేర్ కుర్రాడికి చెప్పేదాన్నా, అన్న ప్రశ్న వచ్చి నోరు మూతపడింది.

జానీ ఎంగిలి చేత్తోనే రమాకాంత్ నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. మీరు ఫోను చేస్తున్న వ్యక్తి అందుబాటులో లేరని ఒక ఆడగొంతు హిందీలో చెప్పింది. తరువాత ఇంగ్లీషులో చెప్పింది. వాడు ఫోను కింద పెట్టబోయాడు.

మామ వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దాన్ని నమ్మకు బిడ్డా. గా గొంతు అబద్ధం చెప్తది. మల్ల చెయ్యి" అన్నాడు.

జానీ మళ్లీ చేశాడు.